జీవాల లెక్కకు ముందు మేత లెక్క
(సమాఖ్య వార్షిక మహాసభలో గగన్‌పహాడ్ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)

నన్ను జీవాల పెంపకం గురించి మాట్లాడమన్నరు. నేను డాక్టర్‌ను కాదు, పదో తరగతి వరకు చదువుకున్నదాన్ని. ఈ విషయంలో నాకు తెలిసిందంతా దెబ్బ తిని తెలుసుకున్నదే. కాబట్టి ముందు ఆ దెబ్బ సంగతే చెప్తా.

రెండేండ్ల కింద మా సంఘంలో ఐదుగురు గొర్ల కోసం అప్పు అడిగినరు. మనిషికి ఎనిమిది చొప్పున నలభై. దరఖాస్తులు నేనే నింపిన. పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ అయినంక ఒక లైను ఉంది, "మేత సౌకర్యం ఉన్నదా?" అని. ఐదింట్లో కూడా "ఉన్నది" అని రాసిన. పెన్ను ఆపి ఒక్క నిమిషం ఆలోచించింది లేదు. ఊరన్నంక గడ్డి ఉండదా అనుకున్న.

వానాకాలం బాగానే గడిచింది. ఊరి వెనుక ఖాళీ ప్లాట్లు, రోడ్డు పక్కలు, చెరువు శిఖం భూమి, ఎటు చూసినా పచ్చగనే ఉండె. సంక్రాంతి దాటే సరికి మేం మేపే రెండు వెంచర్లకు ప్రహరీ గోడలు లేచినయి. మిగిలిన జాగలో వయ్యారిభామ తప్ప ఏం లేదు, దాన్ని గొర్రె నోట్లో పెట్టదు. మాఘమాసం పెళ్లిళ్లు మొదలైనయి. శంషాబాద్ రోడ్డు పొంటి ఫంక్షన్ హాళ్లు ఎన్ని ఉన్నయో మీకు నేను చెప్పే పని లేదు. ఒక హాలు వెనుక అన్నం కుప్ప పోసి ఉంది. ఆకలి మీద ఉన్న మంద దాని మీద పడ్డది. మా అక్క ఒకామె, పాపం, కడుపు నిండా తిన్నయని సంతోషపడ్డది. తెల్లారేసరికి నాలుగు గొర్లు కడుపు ఉబ్బి పండుకున్నయి. మధ్యాహ్నానికి నాలుగూ పోయినయి.

తర్వాత నెల రోజుల్లో ఇంకో ఐదు. వీటికి ఉబ్బు లేదు, జ్వరం లేదు. ఊరికే చిక్కిపోయి పడిపోయినయి. ఈనిన గొర్రెలకు పాలు లేవు, పిల్లలు నిలబడలేకపోయినయి. డాక్టర్ సారు ఒకదాని పొట్ట కోసి చూపించిండు. పిడికిలి కన్నా పెద్దగా ప్లాస్టిక్ కవర్ల ముద్ద. "రోగం ఏంది సారూ" అని అడిగితే, "రోగం కాదమ్మా, ఆకలి" అన్నడు. ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకంటే "ఉన్నది" అని రాసింది నేనే కదా. గొర్లు పోయినా కిస్తీలు పోవు. ఆ అక్క చెవుల కమ్మలు కుదువ పెట్టి కిస్తీ కట్టింది. ఇప్పటికి కూడా విడిపించుకోలేదు.

అన్నం తింటే గొర్రె ఎందుకు చస్తది అని చాలామంది అడుగుతరు. మనకు తెలియాల్సిన సంగతి ఇదే. గొర్రె గడ్డిని తానొక్కతే అరిగించుకోదు. దాని పెద్ద పొట్టలో కంటికి కనపడని కోట్ల సూక్ష్మజీవులు ఉంటయి. గడ్డిని నానబెట్టి, పులియబెట్టి, గొర్రెకు శక్తిగా మార్చేది అవే. అంటే మనం మేపేది గొర్రెను కాదు, ముందు దాని కడుపులో ఉన్న ఆ జీవులను. వాటికి పీచు ఉన్న మేత అలవాటు. ఒక్కసారిగా అన్నమో, పిండో, మక్కలో ఎక్కువ పడితే పొట్టలో ఆమ్లం పెరిగి అవి చచ్చిపోతయి, తర్వాత గొర్రె చస్తది. తొందరగా తెలుసుకుంటే డాక్టర్లు తినే సోడా నీళ్లు తాగిపించి కొన్నిటిని బతికిస్తరు. మాకు తెలిసేసరికి పొద్దుపోయింది. అందుకే ఏ కొత్త మేత అయినా పది, పదిహేను రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలె.

ఇంత నష్టం అయినంక మేం రాజేంద్రనగర్ పోయినం. 1946లో పెట్టిన పశువైద్య కళాశాల మనకు బస్సెక్కితే ఎంత దూరం? ఇన్నేండ్లు దాని గేటు ముందు నుంచే పట్నం పోయి వచ్చినం, లోపలికి పోవాలన్న ఆలోచన రాలేదు. అక్కడ నేర్చుకున్న మొదటి లెక్క ఇది. 30 కిలోల గొర్రెకు దాని బరువులో నూటికి మూడు వంతులు, అంటే రోజుకు సుమారు ఒక కిలో ఎండు మేత కావాలె. పచ్చిగడ్డిలో నీళ్లే ఎక్కువ కాబట్టి అదే మూడు, నాలుగు కిలోలు అవుతది. నలభై గొర్లకు రోజుకు 120 నుంచి 160 కిలోల పచ్చిగడ్డి. నేను కాగితం మీద ఈ గుణకారం చేసి చూసి, మా ఊర్లో అంత గడ్డి ఎక్కడ ఉందో చూపించండి అని మా ఐదుగురిని అడిగిన. ఎవరూ మాట్లాడలేదు.

ఒకప్పుడు ఉండె. మన పక్కనే ఇమారత్ కంచ, అటు గచ్చిబౌలి కంచ అని పేర్లు వింటం కదా, కంచ అంటే పశువుల మేతకు విడిచిన బీడు. మా అత్తమ్మ ఇప్పటికీ చెప్తది, పొద్దున తోలితే సాయంత్రం దాకా మందకు అడ్డం ఉండకపోయేదని. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది, ఐదు వేల ఎకరాలకు పైగా నేల దాని కిందికి పోయింది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, గోదాములు, వెంచర్లు. నేను దాన్ని తప్పు పడతలేను. మన పిల్లలు ఎందరో అక్కడ పనిచేసి ఇల్లు నడుపుతున్నరు. కానీ గొర్రెకు ఆ సంగతి తెలియదు. 2019 పశుగణనలో మన తెలంగాణకు 1 కోటి 90 లక్షల గొర్లు లెక్క తేలినయి, దేశంలో మొదటి స్థానం మనదే. జీవాలను లెక్కపెట్టినట్టు గడ్డిని ఎవరు లెక్కపెట్టినరు? నేనైతే పెట్టలేదు.

ఇక ఏం చేసినమో చెప్తా. మొదట నలభైలో మిగిలిన ముప్పై ఒకటి నుంచి పళ్లు అరిగిన ముసలి గొర్లు, రెండేండ్లయినా చూలు నిలవనివి, అన్నీ అమ్మినం. ఇరవై మిగిలినయి. ఇంట్లో మగవాళ్లు ఒప్పుకోలేదు, "మంద చిన్నగైతే ఇజ్జత్ పోతది" అన్నరు. ఇజ్జత్ కిస్తీ కట్టదు అని నేనే అన్న. కోపమైతే వచ్చింది గాని అమ్మినరు.

రెండోది నేల. మనకు భూమి లేదు. కానీ శంషాబాద్ చుట్టూ మామిడి తోటలు, ఫామ్‌హౌస్‌లు ఉన్నయి. చెట్ల కింద గడ్డి మొలుస్తది, యజమానులు కూలి ఇచ్చి కోయిస్తరు, లేకుంటే మందు కొట్టిస్తరు. మేం రెండెకరాల మామిడి తోట యజమానితో మాట్లాడినం. గడ్డి మాది, ఎరువు ఆయనది. చెట్లు పెద్దవి కాబట్టి గొర్లకు కొమ్మ అందదు. మందు కొట్టొద్దని, కొట్టాల్సి వస్తే ముందుగా చెప్పాలని కాగితం రాసుకున్నం. ఈ కాగితం మరిచిపోకండి.

అందులో స్టైలో చల్లినం. ఇది పప్పుజాతి మేత, వానకే బతుకుతది, గడ్డి కన్నా మాంసకృత్తులు ఎక్కువ, నేలకు నత్రజని కూడా ఇస్తది. పండ్ల తోటల్లో, మెట్ట బీళ్లలో స్టైలో, అంజన్ గడ్డి పెంచే పద్ధతి మీద సంతోష్‌నగర్‌లో ఉన్న క్రీడా, అంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, చాలా ఏండ్ల నుంచి పనిచేస్తున్నది. హయత్‌నగర్‌లో వాళ్ల క్షేత్రం ఉంది. స్టైలో విత్తనానికి పెంకు గట్టి. మేం మొదటిసారి ఉత్తగనే చల్లితే సగం కూడా మొలవలేదు. మరుగుకు రాకముందే దించిన వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లితే మొలిచింది. మొదటి ఏడు దాన్ని మేపకూడదు. విత్తనం రాలనియ్యాలె. ఇది చెప్పుడు అలక, చేసుడు కష్టం. ఎండాకాలం ఇంటి ముందు గొర్లు అరుస్తుంటే, అక్కడ తోటలో పచ్చగ కనపడుతుంటే, చూసుకుంట ఊకోవాలె. మేం ఆ ఏడు చొప్ప కొని గడిపినం.

రెండో ఏడు నుంచి తోటను వల కట్టి నాలుగు భాగాలు చేసినం. ఒక్కో భాగంలో వారం, పది రోజులు మేపి జరుపుతం. మళ్లీ మొదటి దానికి వచ్చేసరికి దానికి మూడు నుంచి నాలుగు వారాల విశ్రాంతి దొరుకుతది. గొర్రె నేలకు అంటుకునే దాకా కొరుకుతది, వేరు మీద ఉన్న కణుపు పోతే గడ్డి మళ్లీ లేవదు. జానెడు ఎత్తు ఉండంగ మందను దింపుతం, నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉండంగనే తీసేస్తం. మందను ఇట్ల తిప్పుతుంటే పురుగు గుడ్లు ఉన్న గడ్డిని మళ్లీ మళ్లీ తినుడు కూడా తగ్గుతది. అయితే నట్టల మందు మానలేదు.

రెండెకరాల తోట ఇరవై గొర్లకు ఏడాదంతా సరిపోదు. అబద్ధం చెప్పను. వానాకాలం, చలికాలం గడుస్తది. ఎండాకాలానికి చొప్ప, కంది పొట్టు, పల్లి కట్టె కోతల కాలంలోనే చవకగ కొని దాచుతం. నల్లతుమ్మ కాయలు ఏరుతం. సుబాబుల్ రొట్ట కూడా వేస్తం, కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనియ్యం, అందులో ఉండే ఒక పదార్థానికి బొచ్చు రాలుతది. నీటి వసతి ఉన్నోళ్లు నేపియర్ పెట్టుకోవచ్చు, ఏపీబీఎన్-1 అనే రకం రాజేంద్రనగర్‌లో తయారైందే. మా దగ్గర బోరు లేదు. మూసీ ఒడ్డు పారా గడ్డి కొందామని ఒకరు అన్నరు, పట్నం బర్రెల డెయిరీలకు అదే దిక్కు. మురుగునీళ్లతో పెరిగే గడ్డి, పైగా ఆటో కిరాయి, వద్దనుకున్నం. అజొల్లా తొట్టి కూడా పెట్టినం. దోమలు బాగా పెరిగినయి.

దాణా అన్నిటికీ పోసే స్తోమత లేదు, అవసరం కూడా లేదు. రెండు సమయాల్లో పోస్తే చాలు. పొట్టేలును కలిపే ముందు రెండు, మూడు వారాలు, ఇంకా ఈనే ముందు నెలన్నర. గొర్రె చూలు ఐదు నెలలు, కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది ఆ చివరి నెలన్నరలోనే. రోజుకు పావు కిలో లోపు: మక్కలు, పల్లి చెక్క, తవుడు, కొంచెం ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం. ఈ ఏడు మా మందలో పుట్టిన పదిహేడు పిల్లల్లో పదిహేను బతికినయి. అంతకు ముందు ఏడు ఇరవై రెండు పుడితే తొమ్మిది.

ఇంకో రెండు జాగ్రత్తలు తొందరగా చెప్పి ముగిస్తా, భోజనాల టైం అయింది. తొలకరి వాన పడంగనే లేత గడ్డి మీదికి ఆకలితో తోలొద్దు. చిటుకు రోగం అప్పుడే వస్తది, రాత్రి బాగున్న గొర్రె తెల్లారి ఉండదు. వానలకు ముందే టీకా వేయించి, పొద్దున ఎండుమేత కొంచెం పెట్టి తోలాలె. చెరువు అంచు గడ్డి పచ్చగ ఉందని ఆశపడొద్దు, అక్కడి నత్తల నుంచి కార్జపు జలగ వస్తది.

సమాఖ్యను నేను అడిగేది ఒకటే. జీవాల అప్పు దరఖాస్తులో "మేత సౌకర్యం ఉన్నదా" అన్న లైను తీసెయ్యండి. దాని బదులు నాలుగు అడగండి. ఏ జాగలో మేపుతరు, ఆ జాగ ఎవరిది, మార్చి నుంచి జూన్ వరకు ఏం పెడతరు, ఎన్ని కిలోలు దాచిపెట్టినరు. సంతకం పెట్టే లీడర్ ఆ జాగకు నడిచిపోయి చూసి రావాలె. అట్లాగే కుదువలో ఉన్న మా అక్క కమ్మల గురించి తీర్మానం రాసి ఇచ్చిన, ఆమె మిగిలిన మూడు కిస్తీలకు వడ్డీ మాఫీ చేయాలని. తప్పు రాసింది నేను, ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది.

స్టైలో విత్తనం మా తోటలో రాలింది ఊడ్చి రెండు కిలోలు తెచ్చిన. సంచి తలుపు దగ్గర ఉంది. తోట మాట్లాడుకున్నోళ్లు మాత్రమే తీసుకోండి.