కాశ్యపుని మరలింపకుడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో నన్ను భారతమును గూర్చి మాటలాడుమనిరి. నేను గురువుల యొద్ద కావ్యములు చదివినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసి, రాత్రి ఈ బీరువాలోని పుస్తకములు చదువుకొన్నవాడను. కావున ఒక కథయు, ఒక లెక్కయు మనవి చేసెదను.

ఆదిపర్వములోని పరీక్షిన్మహారాజు కథ మీరెఱిగినదే. తక్షకుని విషమునకు విరుగుడెఱిగిన కాశ్యపుడు రాజును బ్రతికింప బయలుదేరెను. తక్షకుడు త్రోవలో ధనమిచ్చి అతనిని మరలించెను. ఒంటిస్తంభపు మేడకు ఎందఱు కావలియున్నను, మృత్యువు పండులోని పురుగై లోనికి వచ్చెను. నాడు తక్షకుడు మరలించిన వైద్యుని నేడు మనమే గుమ్మము నుండి మరలించుచున్నాము.

పసిఫిక్ మహాసముద్రమున సమోవా అను ద్వీపదేశము కలదు. జనము రెండు లక్షలు. 2018లో అచ్చట తట్టు టీకా వేసిన ఇద్దరు పసిబిడ్డలు మరణించిరి. టీకాపొడిలో నీటికి మాఱుగా వేఱొక మందు కలిపిన పొరపాటే కారణమని తరువాత తేలినది; ఇద్దరు నర్సులకు శిక్ష పడినది. కాని భయము అంతకు ముందే ఊరూర ప్రాకెను. టీకాలు కొన్ని నెలలు నిలిచెను. మరల మొదలైనను తల్లులు అనేకులు రాలేదు. 2019లో తట్టు ప్రవేశించి 5,700 మందికి పైగా సోకెను. 83 మంది మరణించిరి. అందు అధికులు ఐదేండ్లు నిండని బిడ్డలు. టీకా పడనివారున్న ఇంటి ముందు ఎఱ్ఱగుడ్డ కట్టుడని ప్రభుత్వము ఆజ్ఞాపించి, ఇంటింటికి తిరిగి టీకాలు వేయించెను. పొరపాటు పద్దున ఇద్దరు. భయము పద్దున 83 మంది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చాలసేపు చూచితిని.

నా తప్పును దాచను. నా మనుమనికి తొమ్మిది నెలలు నిండినపుడు "జ్వరము వచ్చునట, పండుగ పోనిమ్ము" అని నేనే టీకాను వాయిదా వేయించితిని. కోడలు ఎదురాడలేదు. మూడు వారములకు బిడ్డకు తట్టు పోసి, రొమ్ము పట్టినది. పండ్రెండు దినములు ఆసుపత్రిలో నుంటిమి. బిడ్డ దక్కెను. కాని ఒక రాత్రి కోడలు "మామయ్యగారూ, ఆనాడు మీ మాట వినకుండవలసినది" అనెను. ఏ గ్రంథమును నాకంత సూటిగా ధర్మము చెప్పలేదు.

తట్టు గాలిలో వ్యాపించును. నూటికి 95 మందికి రెండు మోతాదులును పడినగాని ఊరికి రక్ష లేదు. తొమ్మిది నెలలు నిండని పసికందునకు సాధారణముగా ఈ టీకా వేయరు; ఆ బిడ్డకు ఇరుగుపొరుగు బిడ్డలే గట్టు. చెరువుకట్ట ఎంత బలముగానున్నను, గండి ఒక్కటి చాలును. మశూచికము భూమిపై లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. అది టీకా చేసిన పని. రోగమును మఱచితిమి గనుకనే టీకాను శంకించుచున్నాము.

సందేహము కలిగినచో అడుగుట తప్పు కాదు. అడుగక దాగుట తప్పు. తల్లులారా, రేపు ఉదయము మీ బిడ్డల టీకా కార్డులు తీసి చూడుడు. తేదీ దాటినచో, ఆలస్యమైనదని సిగ్గుపడక తీసికొనిపొండు. కాశ్యపుడు మరల మన వాకిటికి వచ్చును. ఈ మారు మరలింపకుడు.