ఇస్తాంబుల్‌లో ఒక్క రోజు, అమ్మతో

ఇస్తాంబుల్‌లో మాకు దొరికింది ఒక్కటే రోజు. నేనేమో ఫోన్‌లో 7 ప్లేసులు రాసుకున్నా. పక్కన అమ్మ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆ సంగతి మాత్రం లిస్ట్‌లో లేదు!

పొద్దున్నే హాగియా సోఫియా. 537లో చర్చిగా పూర్తయింది, 1453లో మసీదు అయింది, తర్వాత మ్యూజియం, 2020లో మళ్లీ మసీదు. టూరిస్టులకి టికెట్ 25 యూరోలు, అదీ పై గ్యాలరీ వరకే. ఎదురుగా బ్లూ మాస్క్, బయట్నుంచే ఆరు మినార్లు లెక్కపెట్టి పరుగో పరుగు.

తర్వాత బసిలికా సిస్టర్న్. నేల కింద పాతకాలం నీళ్ల తొట్టి అది. 336 స్తంభాలు, మసక వెలుతురు. చివర్లో రెండు మెడూసా తలలు, ఒకటి పక్కకి, ఒకటి తలకిందులుగా. నేను ఫోటోల మీద ఫోటోలు. వెనక్కి తిరిగితే అమ్మ లేదు! ఫోన్ కలవదు. నా కాళ్లు వణికాయి. వెతుక్కుంటూ వెళ్తే మెట్ల దగ్గర కూర్చుని ఉంది.

"నువ్వు చూసి రారా, నేనిక్కడే ఉంటా" అంది. తిట్టినా బాగుండేది.

లిస్ట్ డిలీట్ చేసేశా. ట్రామ్‌లో ఎమినోను, అక్కడ్నుంచి కాడికోయ్ ఫెర్రీ. సుమారు 20 నిమిషాల్లో యూరప్ నుంచి ఆసియా! చిన్న గాజు గ్లాసులో టీ, నువ్వులద్దిన గుండ్రటి రొట్టె, సిమిట్ అంటారు. అమ్మ ఓ ముక్క గాల్లోకి విసిరితే సీగల్ టక్కున పట్టేసింది. "ఇంకోటి కొనరా" అంది. పక్షికే అండీ, తనకి కాదు! దిగాక మళ్లీ అదే ఫెర్రీ ఎక్కాం. మొత్తం నాలుగుసార్లు.

తోప్‌కాపీ ప్యాలెస్ ఎలా ఉందని కామెంట్స్‌లో అడక్కండి. నేను చూళ్లేదు.