తాళం నట్టు బిగుసుకుపోతే



చేతిపని నేర్పే శిక్షణ పథకం మన దేశంలో 1950లో మొదలైంది. ఐటీఐ పిల్లలకు తొలిసారి స్నాతకోత్సవం జరిపింది మాత్రం 2022 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతి నాడు. ఇంత ఆలస్యంగా దక్కిన గౌరవం ఇది. అందుకే ఈ స్నాతకోత్సవ వేదిక మీద మన పని గురించే మాట్లాడాలని వచ్చాను. మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ పూర్తిచేసిన మీకు రేపో ఎల్లుండో ఎదురయ్యే ఒక చిన్న వస్తువు గురించి చెబుతాను. అది కారు చక్రానికి ఉండే తాళం నట్టు, దాని చాబీ ఉంటేనే వచ్చే నట్టు.

కొమురవెల్లి మల్లన్న జాతర రోజుల్లో ఆదివారం రాజీవ్ రహదారి ఎట్లుంటదో మీకు తెలుసు. కుకునూరుపల్లి దగ్గర ఓ కారు పంచరైందనుకోండి. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, వీల్ పాన ఉంది. మూడు నట్లు వచ్చాయి. నాలుగోది, ఆ తాళం నట్టు, కదలదు. ఎండలో పిల్లలు, ముసలివాళ్లు రోడ్డు పక్కన నిలబడ్డారు. అల్లాయ్ వీల్స్ ఎవరూ ఎత్తుకుపోకుండా పెట్టిన తాళం, ఆ బండి ఓనరునే కట్టిపడేసింది.

ఆ నట్టు ఎందుకు బిగుసుకుంది? తుప్పు ఒక కారణం. ఉక్కు నట్టు, అల్యూమినియం వీలు కలిసిన చోట తేమ చేరితే అది మరింత పెరుగుతుంది. కానీ నేను ఎక్కువగా చూసిన కారణం వేరు. అంతకుముందు ఆ చక్రం బిగించిన మనిషి ఎయిర్ గన్ పెట్టి, ‘టకటక’ శబ్దం మొదలయ్యాక కూడా వదలలేదు. చాలా కార్లకు నట్టు బిగింపు 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు ఉంటే చాలు. అంటే మీటరు పొడుగు పైపు చివర పది, పన్నెండు కిలోల బరువు. గన్ అంతకు నాలుగైదు రెట్లు ఇవ్వగలదు. నట్టు బిగిస్తుంటే అది ఎక్కే మరల కడ్డీ, అంటే స్టడ్, కొంచెం సాగుతుంది. అది వెనక్కి కుదించుకోవాలని లాగే బలమే చక్రాన్ని హబ్‌కు అదిమి పట్టేది. హద్దు దాటి బిగిస్తే స్టడ్ సాగినట్టే ఉండిపోతుంది, మరలు నలిగిపోతాయి. తాళం చాబీకి ఉండే పళ్లు సన్నవి. ముందు విరిగేవి అవే. చాబీ మీద గన్ పెట్టకండి.

విప్పాల్సి వస్తే తొందరపడకండి. చక్రం నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచాలి. తాళం నట్టు గాడిలో మన ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది. సన్నని తీగతో గీకి, బ్రష్‌తో దులపండి. చాబీ అడుగుదాకా కూర్చుందో లేదో కళ్లతో చూడండి. సగం కూర్చున్న చాబీయే జారుతుంది. తుప్పు నూనె కొట్టి కాసేపు ఆగండి. పొడుగు పైపుతో నిదానంగా, కుదుపు లేకుండా బలం పెట్టండి. ఇక్కడ అమ్మాయిలూ ఉన్నారు కాబట్టి చెబుతున్నా, ఈ పనికి కావలసింది కండబలం కాదు, పైపు పొడుగు. తాళం నట్టును ముందు విప్పాలి, చివర బిగించాలి. మిగతావన్నీ ముందే తీస్తే భారమంతా దాని మీదే పడుతుంది.

చాబీ ఒకసారి జారిందంటే ఆపేయండి. రెండోసారి జారితే గాడి పోతుంది. అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ గోటీ (సాకెట్) వాడాలి. లోపల ఎడమవాటు పళ్లుంటాయి గనుక విప్పే దిక్కుకు తిప్పేకొద్దీ నట్టును కొరుకుతుంది. దాన్ని సుత్తెతో కొట్టి ఎక్కించేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. గట్టిపరచిన ఉక్కు పెచ్చు ఎగిరితే కన్ను పోతుంది. నట్టు చుట్టూ తిరిగే కాలర్ ఉన్న రకానికి ఆ గోటీ పట్టు దొరకదు. దానికి డ్రిల్లింగో, ఇంకో నట్టు వెల్డింగ్ చేసి తిప్పడమో మిగులుతుంది. అది అనుభవజ్ఞుడి పక్కన నిలబడి నేర్చుకోండి. ఒక్కటి మాత్రం చేతులు జోడించి అడుగుతున్నా: గాలి ఉన్న టైరు పక్కన గ్యాస్ మంట పెట్టకండి, రిమ్‌కు వెల్డింగ్ చేయకండి. లోపల వేడెక్కిన రబ్బరు నుంచి వాయువులు పుట్టి టైరు పేలుతుంది. అట్లా ప్రాణాలు పోయాయి.

నట్టు వచ్చాక స్టడ్ మరలు చూడండి, దెబ్బతింటే మార్చండి. తిరిగి బిగించేటప్పుడు వేలితో ఎక్కించి, ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో ముగించండి. మరలకు గ్రీజు పూయకండి. కంపెనీ ఇచ్చిన కొలత సాధారణంగా పొడి మరలకు. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించుకోమని ఓనరుకు చెప్పండి. తాళం నట్ల సెట్లు చాలావాటితో పాటు కోడ్ నంబరు ఉన్న చీటీ వస్తుంది. ఆ నంబరుతో కొత్త చాబీ తెప్పించుకోవచ్చు. ఆ చీటీని ఫోన్లో ఫొటో తీసుకోమనండి.

ఇక్కడున్న వర్క్‌షాపు యజమానులకు ఒక విన్నపం. ఈ పిల్లలను పనిలో పెట్టుకున్న రోజే వాళ్ల చేతికి ఒక టార్క్ రెంచ్ ఇవ్వండి. వేళకు బండి అందించాలన్న ఒత్తిడిలో ‘గన్ పెట్టి బిగించెయ్’ అని అనకండి. ఆ బండిని మళ్లీ విప్పేది ఏ రోడ్డు పక్కనో ఒక తండ్రి కావచ్చు, డ్యూటీకి పోతున్న ఒక నర్సు కావచ్చు, రేపు మీ షాపులోనే ఈ పిల్లల్లో ఒకరు కావచ్చు.