కంటిని గాలిలోనికి పంపుట



గ్రామములపై గుఱ్ఱుమని యెగురు డ్రోనులను మీలో పెక్కురు చూచియే యుందురు. గ్రామకంఠములలోని యిండ్ల స్థలములను కొలుచుటకై 2020వ సంవత్సరమున నారంభమైన స్వామిత్వ పథకమున వానినే యుపయోగించిరి. చేలకు పురుగుమందు చల్లుటకు సయితము కొన్ని తావుల వానిని వాడుచున్నారు. అవి పెద్దవి, పని తెలిసినవారి చేతిలోనివి. నేను నేడు చెప్పబోవునది పడుచువాండ్రు వేడుకకై యెగురవేయు చిన్న దానిని గూర్చి. నాలుగు మోటార్లు, నాలుగు రెక్కలు గల యీ యంత్రమును క్వాడ్‌కాప్టరు అందురు. దానిలో మనమే కూర్చుండి ముందునకు చూచుచున్నట్లు నడపుటకు ఫస్ట్ పర్సన్ వ్యూ అని పేరు. మా యింట నున్న క్వాడ్‌కాప్టరును నేనును మా మేనల్లుడును ఆ తీరునకు మార్చితిమి. ఆ పనిలో నేనొక తప్పు చేసితిని. దానిని దాచక చెప్పెదను.

మాకీ బుద్ధి పుట్టుటకు కారణము మా యన్నగారు. వారికి డెబ్బదియాఱేండ్లు. మోకాళ్ల నొప్పులచే మూడేండ్లనుండి చెఱువు క్రింది చేనికి పోలేదు. గట్టు బలహీనపడినదని యొకరును, ఏమియు కాలేదని వేఱొకరును చెప్పుచుండ వినుటయే వారి వంతు. “వినుట చాలునురా, ఒకసారి చూడవలెను” అని వారొకనాడు అనిరి.

నేలపై నిలిచి తలయెత్తి చూచుచు క్వాడ్‌కాప్టరును నడపుట కొంతదూరము వఱకే సాగును. నూఱు గజములు దాటినచో అది కాకివలె కనబడును. దాని మొగమెటో వెనుకయెటో తెలియదు. అది మనవైపు తిరిగినప్పుడు దాని కుడి మన యెడమ యగును. యంత్రముపై కెమెరా నుంచి, ఆ బొమ్మను మన కండ్లకు కట్టుకొన్న గాగుల్స్‌లోనికి రప్పించినచో ఈ చిక్కు తీఱును.

మేనల్లుడు మొదట మొబైలు ఫోనులో బొమ్మ చూపు చవుక కెమెరా నొకదానిని తెచ్చెను. బొమ్మ తేటగానే యుండెను గాని ఆలస్యముగా వచ్చుచుండెను. సెకనులో నైదవవంతు ఆలస్యమేపాటి యని తలపవచ్చును. లెక్క చూడుడు: సెకనునకు పది మీటర్లు పోవు యంత్రము ఆ కాలమున రెండు మీటర్లు పోవును. మనకు తాటిచెట్టు ఇంక రెండు మీటర్ల దూరమున నున్నట్లు కనబడువేళకు యంత్రము దానిని కొట్టియే యుండును. కావున పాతకాలపు టెలివిజను పద్ధతి ననుసరించు అనలాగు కెమెరానే తెచ్చితిమి. అది తులమెత్తు బరువైనను లేదు. బొమ్మ మసక, కాని దాదాపు అప్పటికప్పుడే వచ్చును.

దానిని బిగించుటలో మూడు నాళ్లు గడచినవి. క్వాడ్‌కాప్టరు ముందునకు పోవునప్పుడు మొగము వంచుకొని పోవును. కెమెరాను సమముగా బిగించినచో అప్పుడు నేలయే కనబడును గాని దారి కనబడదు. అందుచే దానిని కొంచెము మీదికెత్తి బిగింపవలెను. మోటార్లకు, కెమెరాకు ఒకే బ్యాటరీ నుండి తీగలు తీయగా బొమ్మపై చాళ్లువంటి గీతలు పాఱినవి. నడుమ చిన్న తీగచుట్టతోడి వడపోత నతికిన పిమ్మట నవి తగ్గినవి. బొమ్మను పంపు ట్రాన్స్‌మిటరునకు యాంటెన్నా బిగింపక విద్యుత్తు నీయరాదు. వెలికి పోవలసిన శక్తి వెనుకకు మరలి దానినే కాల్చివేయగలదు. అట్లు నేనొకటి కాల్చితిని. ఇంటిలో పరీక్షించునంతసేపు రెక్కలు ఊడదీసి యుంచితిమి. పది అంగుళముల రెక్క తిరుగుచుండగా వ్రేలు తగిలినచో వ్రేలు దక్కుట కష్టము.

ఇక నా తప్పు. మీరు రేడియోలో వినెడి మధ్యతరంగముల పొడవు వందలకొలది మీటర్లుండును. అవి చెట్టుచేమలను లెక్కచేయవు. మా కెమెరా బొమ్మను మోయు తరంగము 5.8 గిగాహెర్ట్జ్‌లది. దాని పొడవు అయిదు సెంటీమీటర్లకు కొంచె మెక్కువ. అది తిన్ననగా పోవును. తడిగల యాకులు, గోడలు దానిని మ్రింగివేయును. ఈ సంగతి చదివియు నేను యంత్రమును కొబ్బరితోట కావలికి పంపితిని. బొమ్మపై చుక్కలు రాలినవి. మఱునిమిషమున అంతయు చీకటి. గుండె జల్లుమనగా చేతిలోని పుల్లను ఒక్కసారి క్రిందికి లాగితిని. “మామయ్యా, దింపవద్దు! నాకు కనబడుతూనే ఉంది!” అని మేనల్లుడు కేక వేసెను. అప్పటికే మోటార్లు నిలిచినవి. కిలోగ్రామునకు పైబడిన యంత్రము రాయివలె పడినది. అచ్చట గడ్డి కోయుచున్న పిల్లకు నాలుగు బారల దూరమున పడినది.

పిల్లకు దెబ్బ తగులలేదు. విచారింపగా తెలిసినదేమనగా, బొమ్మను తెచ్చు తరంగము వేఱు, యంత్రమును నడపు తరంగము వేఱు. పోయినది బొమ్మ మాత్రమే; పగ్గములు నా చేతిలోనే యుండినవి. నేనే వానిని విడిచితిని. గాగుల్స్ తీసి మేనల్లుని మాట వినియున్నచో అది సురక్షితముగ మరలి వచ్చెడిది.

అన్నగారు నన్ను పిల్లతండ్రి యొద్దకు స్వయముగా పోయి చెప్పి రమ్మనిరి. పోయితిని. ఆయన కోపింపలేదు. “బొమ్మ మీదండీ, బిడ్డ మాది” అని మాత్రము అనెను. నెలదినములు దానిని ముట్టలేదు.

మరల నారంభించునప్పుడు కొన్ని కట్టుబాట్లు చేసికొంటిమి. గాగుల్స్ ధరించినవాడు గ్రుడ్డివానితో సమానము. ప్రక్కను కండ్లు గలవా డొకడు యంత్రమునుండి చూపు మరల్చక నిలువవలెను, అతని మాటయే ఆజ్ఞ. 2021వ సంవత్సరపు డ్రోను నిబంధనలు కూడ వేడుకకై నడపు నమూనా విమానము చూపుమేర దాటరాదనియే చెప్పుచున్నవి. సామాన్యస్థలములలో 400 అడుగులకు మించి యెగురవేయరాదు. విమానాశ్రయపు హద్దునకు 8 కిలోమీటర్లలోపల అనుమతి లేనిదే ఎగురవేయనే రాదు. మీ చేలపై ఎగురవేసెదమని పిల్లలు వచ్చినప్పుడు ప్రక్కను చూచువాడెవ్వడని అడుగుడు. రెండవవాడు లేనిచో పంపివేయుడు. వాండ్రు అలిగినను సరియే.

మఱియొక సంగతి. ఈ అనలాగు బొమ్మకు తాళము లేదు. అదే చానలునకు త్రిప్పిన గ్రాహకయంత్రము సమీపమున ఎవ్వరి వద్ద నున్నను వారికిని కనబడును. కావున పెరడులు, మిద్దెలు ఉన్నవైపు పోనీయరాదు. కాని మాకు అక్కఱకు వచ్చినదియు ఆ గుణమే. రెండవ గాగుల్స్ తెచ్చి, అన్నగారిని బండిమీద ఊరి చివర చింతచెట్టు కడకు తీసికొనిపోయి, కండ్లకు కట్టితిమి. అచ్చటినుండి గట్టు వఱకు చెట్లు లేవు. గట్టుపై మనుష్యులు లేరని మేనల్లుడు చూచి చెప్పినపిమ్మట లేపితిని. బ్యాటరీ ఎనిమిది నిమిషములకే చాలును. ఆఱవ నిమిషమున దింపవలెనని నియమము.

అన్నగారు మొదట కుర్చీచేతులను గట్టిగ పట్టుకొనిరి. పిదప, “ఎడమకు త్రిప్పరా, తూము చూపుము” అనిరి. త్రిప్పితిని. కొంతసేపు మాటలాడలేదు. మేనల్లుడు ఆఱు నిమిషములైనవని చెప్పగా మరలించి దింపితిని. అన్నగారు గాగుల్స్ తీసి కండ్లు తుడిచికొని, “గట్టుకేమియు కాలేదు. తూమువద్ద గుఱ్ఱపుడెక్క పేరుకొన్నది. రేపుదయము ఇద్దరు మనుష్యులను పంపుము” అనిరి.