తప్పిపోయిన రిమోట్ జాడ

ఇంటర్నెట్ ద్వారా సినిమాలూ ధారావాహికలూ చూపే స్ట్రీమింగ్ పరికరాలు ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలోనూ టీవీ వెనుక అమరి ఉంటుండగా, వాటి రిమోట్లు అరచేతిలో ఇమిడేంత చిన్నవైనందున పత్తి పరుపు సందులోకో, దిండు గలీబులోకో, ఎమ్మిగనూరు నేత దుప్పటి మడతలోకో జారిపోతుంటాయి. పాత టీవీ రిమోట్లు పరారుణ కిరణాలతో, అంటే కంటికి కనబడని కాంతితో పనిచేసేవి కాగా, ఈ రిమోట్లలో చాలావరకు పరుపు, దుప్పటి అడ్డున్నా చేరే బ్లూటూత్ అనే తక్కువ దూరపు రేడియో తరంగాలను వాడుతాయి గనుక, ఎవరైనా పరుపు మీద కూర్చున్నప్పుడు టీవీలో బొమ్మ దానంతటదే మారితే రిమోట్ అక్కడే నలుగుతున్నదని గ్రహించవచ్చు. గూగుల్ సంస్థ 2024లో విడుదల చేసిన టీవీ స్ట్రీమర్ వెనుక బటన్ నొక్కితే రిమోటే మోగుతుంది. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్‌తో సాధారణంగా వచ్చే రిమోట్‌కు ఆ సదుపాయం లేకపోవడం నిజంగా లోటే. అయినా అదే వైఫైలో ఉన్న ఫోనులో ఫైర్ టీవీ యాప్ తెరిచి, టీవీపై కనిపించే అంకెలు నమోదు చేస్తే ఫోనే రిమోట్‌గా పనిచేస్తుంది. ఇంటి వైఫై మారిపోయి ఉంటే, ఒక ఫోను హాట్‌స్పాట్‌కు పాత వైఫై పేరూ పాస్‌వర్డూ పెట్టి, స్టిక్ దానంతటదే దానికి కలిసేలా చేసి, యాప్ ఉన్న రెండో ఫోనును కూడా దానికే కలపాలి.