పసిపిల్లల బైబిలు కథలు: పుస్తకము నెన్నుకొను తెఱగు



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందలి క్రైస్తవ గృహములలో రెండు మూడేండ్ల బిడ్డలకు బొమ్మల బైబిలు కథలు కొని యిచ్చువారు కలరు. పసివానికి చదువు రాదు. తాత చదివినదే వానికి శాస్త్రము, బొమ్మయే ప్రమాణము. కావున మంచి పుస్తకము నెన్నుకొను భారము పెద్దలదే. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

రాయలసీమకు బైబిలు క్రొత్తది కాదు. తెలుగు క్రొత్త నిబంధన 1818లోనే శ్రీరామపురమున అచ్చయ్యెను. 1822లో లండన్ మిషనరీ సంఘమువారు కడపలో పని ప్రారంభించిరి. మూలగ్రంథము నేడు తెలుగున సులభముగా దొరకును. కథల పుస్తకమును దానితో సరిచూచుటకు పాండిత్య మక్కఱలేదు, ఓపిక చాలును.

మూలమున లేని మాట వాడుకచే మూలమై కూర్చుండుట యెల్లెడల గలదు. లక్ష్మణుడు గీత గీచెనని మనమందఱము విన్నవారమే. వాల్మీకి అరణ్యకాండమున ఆ గీత లేదు. రాముడు జటాయువును "లే పక్షీ" యనుటచే లేపాక్షికి ఆ పేరు వచ్చెనందురు. అది స్థలపురాణము, రామాయణము కాదు. రెండును చెప్పవచ్చును గాని, ఏది యెక్కడిదో చెప్పువా డెఱిగియుండవలెను.

బైబిలు కథలయందును ఇట్లే. ఆదాము హవ్వలు తిన్నది ఆపిలు పండని బొమ్మ వేయుదురు. ఆదికాండమున పండనియే యున్నది. యోనాను మ్రింగినది తిమింగిల మందురు; మూలమున అది పెద్ద చేప. తూర్పు జ్ఞానులు ముగ్గురందురు. మత్తయి కానుకలను మూడింటిని చెప్పెనే కాని మనుష్యుల సంఖ్య చెప్పలేదు. వారిని గొల్లలతో గూడ పశువుల తొట్టియొద్ద నిలుపుదురు. తొట్టియొద్దకు గొల్లలు వచ్చుట లూకా సువార్తలోనిది. మత్తయి సువార్తలో జ్ఞానులు ఇంటిలోనికి వచ్చిరి. నోవహు ఓడ మున్నూఱు మూరల పొడవు, ఏబది మూరల వెడల్పు, ముప్పది మూరల యెత్తు గలిగి మూడంతస్తుల కట్టడము. బొమ్మలలో అది జిరాఫీ మెడ పైకి చాచిన చిన్న పడవ!

ఇవి చిన్న తప్పులు గదా యందురేమో. ధర్మవరపు నేతగానిని అడుగుడు. పడుగున ఒక పోగు తెగిన పిదప అతుకక నేసినచో, ఆ లోపము వెంటనంటి వచ్చును. బిడ్డ పదేండ్లవాడై మూలమును చదువును. తాత చెప్పినది అందు లేకున్న, తాత చెప్పిన సత్యవాక్యములను గూడ శంకించును. నష్టమంతయు నిక్కడ నున్నది.

అయితే తగ్గించుట వేఱు, మార్చుట వేఱు. దావీదు గొల్యాతు తల నఱకుట మూడేండ్ల బిడ్డకు చెప్పనక్కఱలేదు. రాయి తగిలి పడెననిన చాలును. వారిద్దఱును స్నేహితులైరని వ్రాసినచో అది కల్పన. యోనా కథను చేప కక్కివేయుటతో ముగించు పుస్తకములు గలవు. నీనెవె జనులు పశ్చాత్తాపపడుట, దేవుడు వారిని క్షమించుట, దానికి యోనా కోపగించుట, ఇదియే కథకు ప్రాణము. "మాట విననిచో చేప మ్రింగును" అని నీతి తగిలించు పుస్తకము బిడ్డకు భయము నేర్పును గాని దయ నేర్పదు.

కావున కొనుటకు ముందు మీకు బాగుగా దెలిసిన కథ నొకదానిని తీసి మూలముతో పోల్చి చూడుడు. కథ చివర అధ్యాయసంఖ్య యున్నదో లేదో చూడుడు. ఉన్నచో సరిచూచుట సులభము. బొమ్మలలోని జనులు పడమటి ఆసియావారివలె నున్నారో, తెల్లదొరలవలె నున్నారో గమనింపుడు. పేర్లు మీ యింటి బైబిలులోని వలెనే యుండవలెను. యోహానును జాన్ అనియు, మోషేను మోసెస్ అనియు అచ్చువేసినచో, ప్రార్థనాలయమున విన్న పేరును బిడ్డ గుఱుతింపలేడు. వాక్యములు పొట్టివై, మన యిండ్లలో పలుకు తెలుగునకు దగ్గఱగా నుండవలెను.

తగిన పుస్తకము దొరకకున్న చింత వలదు. రాత్రి మూలమును మీరు చదువుకొని, ఉదయము బిడ్డను ఒడిలో నుంచుకొని నాలుగు వాక్యములలో చెప్పుడు. తెలియనిది అడిగినచో "చూచి చెప్పెదను నాయనా" యనుడు. పెద్దలు చూచి చెప్పుదురని బిడ్డ యెఱుగుట యే పుస్తకమునకును తీసిపోని విద్య.