ఇంగ్లండు పల్లెల్లో మేం చూసిన కంచెలు, బాటలు

(సంఘం జిల్లా మహాసభలో ప్రతినిధుల ముందు చేసిన ప్రసంగం)



పోయిన జూలైలో మన సంఘం నుంచి ఐదుగురం ఇంగ్లండు వెళ్ళి పన్నెండు రోజులు ఉండి వచ్చామని మీకు తెలుసు. ఖర్చు సంఘానిది కాదు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన సభ్యుల పిల్లలే టికెట్లు కొన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో తిన్నాం, వాళ్ళ కార్లలో తిరిగాం. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నామంటే, ఊళ్ళల్లో అప్పుడే నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. లండన్‌లో ఉన్నది ఒక్క రోజే. మిగతా అంతా పల్లెలే.

అక్కడి పల్లె చూడడానికి చాలా అందంగా ఉంటుంది, అబద్ధం చెప్పొద్దు. గుట్ట ఎక్కి చూస్తే గళ్ళ లుంగీ ఆరేసినట్టు చేలు. ఒక గడిలో గోధుమ, ఒక గడిలో గొర్రెలు, ఒక గడిలో బీడు. ప్రతి గడి చుట్టూ మనిషెత్తు కంచె. ఇనుప తీగ కాదు, బతికున్న ముళ్ళ చెట్లు. హాథార్న్ అంటారు. చలికాలంలో దాని కొమ్మను మొదట్లో సగానికి పైగా నరికి, తెగిపోకుండా పక్కకు వంచి అల్లుతారు. వంచిన కొమ్మ చిగురిస్తుంది, మేక కూడా దూరలేనంత చిక్కనవుతుంది. ఉత్తరాన యార్క్‌షైర్ వైపు పోతే కంచె బదులు రాతి గోడలు, మట్టీ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చినవి.

మన ఎకరం కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఒక జత ఎద్దులు, నాగలి ఒక్క రోజులో దున్నే నేలను వాళ్ళు ఎకరం అన్నారు. సాలు పొడుగు ఫర్లాంగు. సర్వేయరు గొలుసు 66 అడుగులు. ఒక ఫర్లాంగు పొడుగు, ఒక గొలుసు వెడల్పు ఉంటే 4,840 గజాలు, అదే ఎకరం. ఎద్దులు పోయాయి, నాగలి పోయింది, లెక్క మాత్రం మన పాస్‌బుక్కుల్లో మిగిలింది.

ఇక ఆ కంచెల సంగతి. ఫొటోలో బాగుంటాయి కానీ, వాటిలో చాలావాటిని ఎప్పుడు, ఎవరు నాటారో అడిగితే అసలు కథ బయటపడుతుంది. పూర్వం అక్కడి చాలా ఊళ్ళల్లో కంచెలు లేవు. పెద్ద బయలు పొలాల్లో ఒక్కొక్కరికి సన్నని చెక్కలు ఉండేవి. పక్కన ఊరుమ్మడి భూమి ఉండేది. మన బంచరాయి లాంటిదే అనుకోండి. ఆవును మేపుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం, బాతులను వదలడం పేదవాడికి అక్కడ హక్కు. కాగితం లేదు, అలవాటే హక్కు. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి 68 లక్షల ఎకరాలను కంచెల్లోకి పంపింది. ఇంగ్లండు మొత్తం నేలలో ఐదో వంతు కంటే ఎక్కువ. అంతా చట్టప్రకారమే జరిగింది. పెద్ద భూస్వాములు అర్జీ పెట్టేవారు, కమిషనర్లు వచ్చి కొలిచేవారు, కాగితం ఉన్నవాడికి వాటా వచ్చేది. చట్టం చేసిన సభలో కూర్చున్నదీ భూస్వాములే. చిన్నవాడికి చిన్న ముక్క వచ్చినా, దాని చుట్టూ కంచె తన ఖర్చుతో నాటుకోవాలి. అది భరించలేక అమ్ముకుని కూలికి పోయినవాళ్ళు ఎందరో.

ఇంకో వింత వినండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద యంత్రాలు తిరగడానికి కంచెలు పీకండని ప్రభుత్వమే డబ్బులిచ్చింది. తర్వాత పక్షులు పోతున్నాయి, మట్టి కొట్టుకుపోతోందని మళ్ళీ నాటడానికి డబ్బులిచ్చింది. 1997లో అనుమతి లేకుండా పాత కంచె పీకకూడదని నిబంధన పెట్టింది.

కంచె పడకుండా మిగిలిన ఊరు ఒకటుంది. నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్. మా మనసంతా అక్కడే నిలిచిపోయింది. ఊరి చుట్టూ మూడు పెద్ద బయలు పొలాలు. ప్రతి రైతుకూ మూడింటిలోనూ చెక్కలున్నాయి. ఒక పొలంలో చలికాలపు గోధుమ, ఒకదాంట్లో వసంతకాలపు పంట, మూడోది బీడు. మరుసటేడు మారుస్తారు. ఎవరికి వాళ్ళు ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. దీన్ని చూసుకోవడానికి ఊరి కోర్టు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది, చట్టం గుర్తించిన కోర్టే. చలికాలం మొదట్లో ఒక రోజు పంచులు గోధుమ వేసిన పొలమంతా తిరుగుతారు. ఎవడైనా పక్కవాడి చెక్కలోకి గానీ, బాటలోకి గానీ నాగలి పోనిచ్చాడా చూస్తారు, హద్దు కర్రలు పాతుతారు. తప్పు చేసినవాడికి జరిమానా. జరిమానా చిన్నదే, సిగ్గు పెద్దది. పొలాల మధ్య గడ్డి బీళ్ళను ఏటా వేలం వేస్తారు. 1635లో గీసిన ఆ ఊరి నక్షా ఇప్పటికీ భద్రంగా ఉంది, దాని నకలు ముందు చాలాసేపు నిలబడ్డాం. ఎవరి చెక్క ఎక్కడో గీసి ఉంది, మేత మేసే పశువులతో సహా.

డార్సెట్ జిల్లాలో టాల్‌పడిల్ చిన్న ఊరు. 1830ల మొదట్లో అక్కడ వ్యవసాయ కూలీకి వారానికి 9 షిల్లింగులు. దాన్ని 8 చేశారు, 7 చేశారు, 6కు దించుతామన్నారు. జార్జ్ లవ్‌లెస్ అనే కూలీ, ఇంకో ఐదుగురు కలిసి సంఘం పెట్టారు. సంఘం పెట్టడం అప్పటికి నేరం కాదు. అందుకని రహస్య ప్రమాణం చేశారని కేసు పెట్టి, 1834లో ఏడేళ్ళ శిక్ష వేసి ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపారు. జనం ఊరేగింపులు తీశారు, లక్షల సంతకాలు పెట్టారు. 1836లో క్షమాభిక్ష ఇవ్వక తప్పలేదు. వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న సికమోర్ చెట్టు ఇంకా ఉంది. దాని కింద కూర్చున్నాం. ఎవరం ఏం మాట్లాడలేదు.

అక్కడికి దగ్గర్లోనే మిల్టన్ అబ్బాస్. అటూ ఇటూ తెల్లటి గోడలు, గడ్డి కప్పులు, ఒకే పోలికతో ఇళ్ళు. ఫొటోలు దిగడానికి జనం వస్తారు. ఆ ఊరు ఎలా పుట్టింది? లార్డ్ మిల్టన్ అనే దొరకు తన మేడ కిటికీలోంచి చూస్తే పాత ఊరు కనబడడం నచ్చలేదు. తోటల పనిలో పేరుమోసిన బ్రౌన్‌ను పిలిపించి, ఊరు ఖాళీ చేయించి, పడగొట్టించి, అక్కడ తోటా చెరువూ వేయించుకున్నాడు. జనాన్ని 1780 ప్రాంతంలో కనబడకుండా గుట్ట చాటుకు తోలించాడు. తోట మాత్రం చాలా బాగుంది. మా జట్టులో ఒకాయన 'మన దొరల గడీలే నయం, ఊరి మధ్యలోనే ఉండేవి' అన్నాడు. అది నయమో కాదో మీరే చెప్పాలి.

తిండి గురించి అడిగారు గనక చెప్తాం. హోటల్లో 'ప్లౌమన్స్ లంచ్' అని ఉంటే, దున్నేవాడి సద్ది కదా అని తెప్పించాం. రొట్టె, చీజు, ఊరబెట్టిన ఉల్లిగడ్డ, పచ్చడి. బాగానే ఉంది, కారం లేదు. ఆ పేరు వ్యాపించింది మాత్రం 1950లలో చీజు అమ్ముకోవడానికి వ్యాపారులు చేసిన ప్రచారం వల్లనట!

ఇప్పుడు కౌలు. ఇంగ్లండులో దాదాపు మూడో వంతు సాగు భూమి కౌలులోనే ఉంది. 1948 చట్టంతో కౌలుదారుకు బతికినంత కాలం భద్రత వచ్చింది. 1976 చట్టంతో మూడు తరాల దాకా కొనసాగే వీలు కల్పించారు. మన 1950 చట్టంలో రక్షిత కౌలుదారు, 38-ఇ గుర్తొస్తాయి. 1995 తర్వాత కొత్త కౌళ్ళకు అదంతా లేదు, ఒప్పందంలో ఎన్నేళ్ళు రాసుకుంటే అన్నేళ్ళే. మాకు ఆతిథ్యమిచ్చిన రైతు తాత నుంచి వచ్చిన కౌలు చేస్తున్నాడు. పక్కింటి కుర్రాడికి ఐదేళ్ళ కాగితమే. 'ఐదేళ్ళకు ఎవడు ఎరువు పోస్తాడు' అన్నాడాయన. కానీ కాగితమైనా ఉంది. మన కౌలుదారుకు అదీ లేక రైతుబంధు రాలేదు.

నాటింగ్‌హామ్‌లో ఉన్న మన కుర్రాడు ఐటీ ఉద్యోగి. అతనికి మునిసిపాలిటీ ఇచ్చిన కూరగాయల మడి ఉంది. ఏడాదికి కొద్దిపాటి అద్దె. పూర్తి మడి అంటే సరిగ్గా మన రెండున్నర కుంటలు. జనం అడిగితే ఇవ్వాల్సిందేనని 1908 చట్టం. మెంతికూర, ఆలుగడ్డ, చిక్కుడు పండిస్తున్నాడు. వాళ్ళ నాన్న ఇక్కడే ఉన్నాడు, ముందు వరుసలో. కొడుకు ఊళ్ళో ఉన్నప్పుడు గడ్డపార ముట్టలేదంటాడు!

చివరగా బాటలు. గోధుమ చేను నడిమధ్య నుంచి నడకదారి. మొదట్లో కర్ర, దాని మీద బాణం గుర్తు. ఎవరైనా నడవొచ్చు, రైతు ఆపడానికి లేదు. దున్నితే 14 రోజుల్లో బాట మళ్ళీ చదును చేసి ఇవ్వాలి. నడిచేవాళ్ళ కుక్కలు గొర్రెల వెంట పడతాయని, గేట్లు తెరిచి పోతారని మన రైతు విసుక్కున్నాడు. అది నిజమే. అయినా బాట మూయాలని మాత్రం అనలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ కార్మికులు, ఇంకా వందల మంది కిండర్ స్కౌట్ అనే దొరల వేట గుట్ట ఎక్కారు. ఐదుగురు జైలుకు పోయారు. 1949లో బాటలన్నీ నక్షాకు ఎక్కించాలని చట్టం వచ్చింది. గుట్టలు, బయళ్ళ మీద నడిచే హక్కు 2000లో గానీ రాలేదు.

మా ఊళ్ళో చెరువు కిందికి పోయే బండ్లబాట ఉంది. నాలుగేళ్ళ కింద ప్లాట్లవాళ్ళు కడీలు పాతి మూసేశారు. పద్నాలుగు కుటుంబాలు వడ్లు నెత్తిన మోసుకొస్తున్నాయి. తిరిగొచ్చిన వారంలో పాత గ్రామ నక్షా నకలు కోసం దరఖాస్తు పెట్టాం. రెండు నెలలు తిరిగితే మొన్న చేతికొచ్చింది. అందులో బాట రెండు చుక్కల గీతలుగా స్పష్టంగా ఉంది. దాన్ని ఇక్కడ బల్ల మీద పెట్టాం, భోజనం గంటలో చూడండి. మీ మీ ఊళ్ళ నక్షాలకు దరఖాస్తు ఎలా పెట్టాలో రాసిన కాగితం పక్కనే ఉంది, ఊరికి ఒకటి చొప్పున తీసుకుపోండి.